తెల్లమచ్చల మాన్‌స్టెరా: కొనే రోజు నుంచి కొమ్మ కోసే రోజు దాకా

నా మాన్‌స్టెరా ఆల్బోకి, అంటే పెద్ద పచ్చని ఆకుల మీద తెల్లమచ్చలు వచ్చే మొక్కకి, నాలుగో ఆకు విప్పుకున్న రోజు ఇంట్లో అందరం సంబరపడ్డాం. ఎక్కడా పచ్చచుక్క లేకుండా మల్లెపూవంత తెల్లగా వచ్చింది. ఐదోదీ అంతే, ఆరోదీ అంతే. ఇంటికి వచ్చినవాళ్ళు పక్కన నిలబడి ఫోటోలు తీయించుకున్నారు. మూడు నెలలు తిరిగేసరికి ఆ మూడు ఆకులూ అంచుల నుంచి గోధుమరంగుకి తిరిగి, కాగితంలా ఎండిపోయాయి. కింద మిగిలిన మూడు పచ్చమచ్చల ఆకులే మొక్కని బతికించాయి.

ఈ మొక్కతో చేసే ప్రతి పనికీ కారణం అందులోనే ఉంది. ఆకులో పచ్చగా ఉన్న భాగమే వంట చేస్తుంది. తెల్లగా ఉన్న భాగం కూర్చుని తింటుంది. సంపాదించేవాళ్ళు తక్కువ, తినేవాళ్ళు ఎక్కువ ఉన్న ఇంటిని ఎంత జాగ్రత్తగా నడుపుకోవాలో ఈ మొక్కనీ అంతే జాగ్రత్తగా చూసుకోవాలి. వెలుతురు, నీళ్ళు, ఎరువు, కత్తెర, అన్నీ ఈ లెక్క మీదే నడుస్తాయి.

ఆ తెలుపు ఎక్కడిది?

మాన్‌స్టెరా డెలిసియోసా మెక్సికో దక్షిణ ప్రాంతం నుంచి పనామా దాకా ఉన్న వానఅడవుల మొక్క. అక్కడ పెద్ద చెట్ల మానులను పట్టుకుని, ఊడలు దించుకుంటూ పైకి పాకుతుంది. మన చేమ, కంద, మనీప్లాంట్ కూడా ఇదే కుటుంబం. కంద తరిగితే చేతులు దురద పెట్టడానికి కారణమైన కాల్షియం ఆక్సలేట్ సూదులే దీని రసంలోనూ ఉంటాయి. అందుకే చిన్నపిల్లలు, కుక్కలు, పిల్లులు ఆకు నోట్లో పెట్టుకోకుండా చూడాలి.

ఆల్బోలో కాండం కొన దగ్గరి కొన్ని కణాలు పత్రహరితం తయారుచేసే శక్తిని పోగొట్టుకున్నాయి. వాటి నుంచి పుట్టిన భాగం తెల్లగా, మామూలు కణాల నుంచి పుట్టిన భాగం పచ్చగా వస్తుంది. ఇలా ఒకే ఒంట్లో రెండు రకాల కణాలు కలిసి బతికితే దాన్ని కైమెరా అంటారు. రాబోయే ఆకు ఎంత తెల్లగా ఉంటుందన్నది అది ఏ కణాల నుంచి పుట్టిందన్నదాన్ని బట్టే ఉంటుంది. ఎప్సమ్ సాల్ట్ వేస్తే తెలుపు పెరుగుతుందని, ఫలానా ఎరువు వేస్తే మచ్చలు వస్తాయని ఎవరు చెప్పినా నమ్మకండి. ఎప్సమ్ సాల్ట్‌లో ఉండే మెగ్నీషియం పత్రహరితంలోనే ఒక భాగం, అది తెలుపుని ఎలా పెంచుతుంది?

థాయ్ కాన్‌స్టెలేషన్ అని ఇంకో రకం ఉంది. థాయ్‌లాండ్‌లో టిష్యూ కల్చర్ ల్యాబ్‌లో, అంటే చిన్న కణజాలం ముక్క నుంచి మొక్కలు పెంచే చోట పుట్టింది. దాని మచ్చలు మీగడ రంగులో, చుక్కలు చల్లినట్టు ఉంటాయి, ప్రతి ఆకుకీ వస్తాయి. ఆల్బో అంత పేచీ పెట్టదు. మొదటిసారి పెంచేవాళ్ళు థాయ్ రకంతో మొదలుపెడితే మంచిదని నా అభిప్రాయం. అంత డబ్బు పెట్టే ముందు చేయి తిరగాలనుకుంటే ఆకుల మీద తెల్లచారలుండే మార్బుల్ క్వీన్ మనీప్లాంట్ తెచ్చుకోండి. కడియం నర్సరీల నుంచి వచ్చే ఏ మొక్కల బండిలోనైనా దొరుకుతుంది. కింద చెప్పినవి చాలావరకు దానికీ వర్తిస్తాయి.

1. కొనేటప్పుడు కాండం చూడండి

అందరి చూపూ ఆకు మీదే ఉంటుంది. ఆకు ఎప్పటికైనా రాలిపోతుంది, కొత్త ఆకులు ఎలా వస్తాయో చెప్పేది కాండం. ఆల్బో కాండం మీద తెల్లచారలు, పచ్చచారలు పక్కపక్కనే ఉండాలి. ఒక్కో కణుపు దగ్గర ఉబ్బుగా ఒక కన్ను ఉంటుంది. ఆ కన్ను తెలుపూ పచ్చా కలిసే చోట ఉంటే రెండు రంగుల ఆకులు వచ్చే అవకాశం బాగా ఉంటుంది. పూర్తి పచ్చచార మీద ఉంటే పచ్చ ఆకులు, పూర్తి తెలుపు మీద ఉంటే తెల్ల ఆకులు వస్తాయి. చెరకు ముచ్చెలు నాటే రైతుకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. కన్ను లేని ముక్క మొలవదు. ఒట్టి ఆకుని కాడతో కోసి, నీళ్ళలో వేళ్ళు తెప్పించి అమ్మేవాళ్ళూ ఉన్నారు. దానికి వేళ్ళు వస్తాయి కానీ ఎన్నేళ్ళు పెంచినా కొత్త ఆకు రాదు.

వేళ్ళు బాగా పట్టి, రెండు మూడు ఆకులున్న మొక్కనే తీసుకోండి. ఆల్బో విత్తనాలు అని ఆన్‌లైన్‌లో కనిపించే ప్యాకెట్ల మీద ఒక్క రూపాయి కూడా పెట్టకండి. ఈ మచ్చలు కాండం ముక్కల ద్వారానే తరం నుంచి తరానికి వెళ్తాయి.

ఇంకో మాట, ఏప్రిల్, మే నెలల్లో కొరియర్‌లో తెప్పించుకోవద్దు. నేను ఒక ఏడాది మే నెలలో తెప్పించాను. పెట్టె మూడు రోజులు దారిలో ఉంది. విప్పి చూస్తే ఆకులు ఉడికిన తోటకూరలా ఉన్నాయి, కాండం నొక్కితే ముగ్గిన అరటిపండులా వేలు దిగింది. అమ్మినవాళ్ళు దారిలో జరిగినదానికి మాకు సంబంధం లేదన్నారు. ఆ బాధ ఇంకొకరికి వద్దు. జూలై నుంచి ఫిబ్రవరి మధ్యలో తెప్పించుకోండి, లేదా నర్సరీకి వెళ్ళి కళ్ళతో చూసి తెచ్చుకోండి.

2. మొదటి రెండు వారాలు

కొత్త మొక్కని మిగతా మొక్కలకి దూరంగా ఉంచండి. ఆకుల అడుగున, కాడలు కాండాన్ని పట్టుకునే సందుల్లో టార్చ్ వేసి చూడండి. దూదిలాంటి తెల్లటి పొడి ఉంటే పిండినల్లి. వెండిరంగు గీతలు, మధ్యలో నల్లటి సన్నని చుక్కలు ఉంటే తామర పురుగులు. సన్నని సాలెగూడు, ఆకు మీద లేతపసుపు చుక్కలు కనిపిస్తే ఎర్రనల్లి. తెచ్చిన రోజే కుండీ మార్చాలని తొందరపడకండి. ఒక్క సందర్భంలో మాత్రం ఆగకూడదు: మట్టి ముద్దలా తడిగా ఉండి, ముక్కు దగ్గర పెట్టుకుంటే మురుగు వాసన వస్తుంటే వెంటనే మార్చేయాలి.

3. వెలుతురు

మిగతా అన్నిటికంటే ఇదే ముఖ్యం. పచ్చభాగం తక్కువ కాబట్టి మామూలు మాన్‌స్టెరా కంటే దీనికి ఎక్కువ వెలుతురు కావాలి. అదే సమయంలో తెల్లభాగం ఎండకి తొందరగా కాలిపోతుంది. ఈ రెండిటి మధ్య చోటు వెతకాలి.

చిన్న పరీక్ష ఒకటుంది. మొక్క పెట్టాలనుకున్న చోట పగలు పదకొండు గంటలకి ఒక తెల్లకాగితం పరిచి, దానికి జానెడు పైన చేయి పెట్టండి. వేళ్ళ నీడ కత్తితో కోసినట్టు స్పష్టంగా పడితే అక్కడ ఎండ ఎక్కువ. వేళ్ళు గుర్తుపట్టేలా ఉండి అంచులు మసకగా ఉంటే అదే సరైన చోటు. నీడే పడకపోతే అక్కడ ఈ మొక్క బతుకుతుందే గానీ పెరగదు.

మన ఊళ్ళలో తూర్పు కిటికీ అన్నిటికంటే మంచిది. పొద్దున ఎనిమిది, ఎనిమిదిన్నర దాకా తగిలే లేత ఎండ మేలే చేస్తుంది. పడమటి కిటికీకి మాత్రం పల్చటి తెల్లని తెర తప్పనిసరి. వేసవి మధ్యాహ్నం మూడు గంటల ఎండ ఒక్కరోజులో ఆకుని కాల్చేస్తుంది.

దక్షిణం, ఉత్తరం కిటికీల దగ్గర చాలామంది పొరబడతారు. హైదరాబాద్‌లో మే 9, ఆగస్టు 3 ప్రాంతంలో సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వచ్చి, మధ్యాహ్నం నీడ లేని రోజులు వస్తాయి కదా, ఆ రెండు తేదీల మధ్య సూర్యుడు మన నడినెత్తికి కాస్త ఉత్తరంగా నడుస్తాడు. అంటే జూన్‌లో దక్షిణపు కిటికీలో నేరుగా ఎండ పడదు, ఉత్తరం బాల్కనీలో ఉదయం, సాయంత్రం ఏటవాలుగా పడుతుంది. డిసెంబరులో ఇది తిరగబడుతుంది. దక్షిణపు కిటికీలోంచి ఎండ గది లోపలి దాకా వస్తుంది. ఒకసారి చోటు కుదిరిందని ఏడాదంతా అక్కడే వదిలేయకుండా మేలో ఒకసారి, నవంబరులో ఒకసారి ఆ కాగితం పరీక్ష మళ్ళీ చేయండి.

వెలుతురు రాని ఫ్లాట్ అయితే తెల్లటి ఎల్‌ఈడీ గ్రో లైట్ పెట్టుకోవచ్చు. 20 వాట్ల దీపాన్ని ఆకులకి అడుగు, అడుగున్నర ఎత్తులో ఉంచి, రోజుకి పది పన్నెండు గంటలు వెలిగిస్తే చాలు. ఊదారంగు దీపాలు వద్దు, ఆ వెలుగులో ఆకు మీద పురుగు పట్టినా, మచ్చ వచ్చినా కనిపించదు. డల్లాస్‌లోనో, న్యూజెర్సీలోనో ఉన్నవాళ్ళకి చలికాలంలో ఇలాంటి దీపం దాదాపు తప్పదు. అక్కడ హీటర్ గాలి నేరుగా తగలకుండా కూడా చూసుకోవాలి.

4. కుండీ, మట్టి

నర్సరీ మొక్కలు చాలావరకు ఎర్రమట్టి ముద్దతో వస్తాయి. ఆరుబయట అది బాగానే ఉంటుంది, ఇంట్లో మాత్రం రోజుల తరబడి ఆరదు. మాన్‌స్టెరా వేళ్ళు అడవిలో చెట్టు బెరడుని పట్టుకుని గాలి పీల్చుకునే వేళ్ళు. వాటికి గాలి ఆడని మట్టి పనికిరాదు.

నేను వాడే మిశ్రమం ఇది: కొబ్బరి డిప్ప (పీచు) ముక్కలు రెండు వంతులు, కోకోపీట్ (కొబ్బరిపీచు పొట్టు) ఒక వంతు, పెర్లైట్ (తేలికైన తెల్లటి రాతి గుళికలు) ఒక వంతు, వర్మీకంపోస్ట్ అర వంతు, గుప్పెడు బొగ్గు ముక్కలు. బొగ్గు ఇస్త్రీ బండి దగ్గర దొరికేదే, చిన్నగా కొట్టి వేయండి. కోకోపీట్‌ని మాత్రం రెండు మూడుసార్లు నీళ్ళలో కడిగి పిండాలి. అందులో ఉప్పు ఉంటుంది, ఆ ఉప్పు మొదట కనబడేది తెల్లభాగం అంచుల్లోనే. కలిపాక గుప్పెట్లో గట్టిగా నొక్కి వదిలితే ముద్ద వెంటనే విడిపోవాలి.

వేళ్ళ ముద్ద కంటే ఒకటి, రెండు అంగుళాలు మాత్రమే పెద్దదైన కుండీ తీసుకోండి. పెద్ద కుండీలో తడి ఎక్కువ రోజులు నిలిచి వేళ్ళు కుళ్ళుతాయి. వేళ్ళు కనబడే పారదర్శకమైన ప్లాస్టిక్ కుండీ మొదటి ఏడాది చాలా మేలు చేస్తుంది. కుండీ మార్చడానికి జూన్, జూలై మంచి నెలలు.

5. నీళ్ళు

ఈ మొక్కలు ఎక్కువగా చచ్చిపోయేది నీళ్ళు ఎక్కువై. తెల్లభాగం ఎక్కువ ఉన్న మొక్క నెమ్మదిగా పెరుగుతుంది, నీళ్ళు కూడా నెమ్మదిగా తాగుతుంది. ఆదివారం, బుధవారం అని రోజులు పెట్టుకుని పోయడం దీని దగ్గర పనికిరాదు.

కొబ్బరి చీపురు నుంచి ఒక పుల్ల తీసి కుండీలో వేళ్ళకి తగలకుండా అంచు పక్కన అడుగుదాకా గుచ్చండి. ఇడ్లీ ఉడికిందో లేదో చూసినట్టే, ఒక నిమిషం ఆగి బయటికి తీయండి. పుల్ల ముదురురంగుకి మారి, తడి పొట్టు అంటుకుని వస్తే ఇంకా రెండు రోజులు ఆగాలి. పై సగం ఆరి, కింద మాత్రం కొంచెం చల్లగా తగిలితే నీళ్ళు పోయాల్సిన రోజు అదే. పోసినప్పుడు అడుగు రంధ్రాల నుంచి బయటికి వచ్చేదాకా నిండుగా పోయండి. పళ్ళెంలో చేరిన నీళ్ళు పావుగంటలో పారబోయాలి. మా ఇంట్లో ఏప్రిల్‌లో నాలుగైదు రోజులకి ఒకసారి, డిసెంబరులో పదీ పన్నెండు రోజులకి ఒకసారి పడుతున్నాయి. మీ కిటికీ, మీ కుండీని బట్టి ఇది మారుతుంది కాబట్టి పుల్లనే నమ్ముకోండి.

ఏ నీళ్ళు పోయాలన్నది మన దగ్గర పెద్ద ప్రశ్న. బోరు నీళ్ళలో ఉప్పులు ఎక్కువ. ఆర్వో ఫిల్టర్ వదిలేసే నీళ్ళలో అవి ఇంకా చిక్కగా ఉంటాయి. వృథా పోనివ్వడం ఎందుకని చాలా ఇళ్ళలో మొక్కలకి అవే పోస్తారు. ఈ మొక్కకి మాత్రం అవి వద్దు, ఇల్లు తుడుచుకోవడానికి వాడుకోండి. వాననీళ్ళు అన్నిటికంటే మంచివి. ఏసీ పైపు నుంచి బకెట్లో పట్టిన నీళ్ళు కూడా బాగుంటాయి. బోరు నీళ్ళు తప్ప వేరే దారి లేకపోతే రెండు నెలలకి ఒకసారి మంచినీళ్ళు కుండీకి మూడింతలు పోసి, పేరుకున్న ఉప్పులు కడిగేయండి.

నిండుగా నీళ్ళు పోసిన మర్నాడు తెల్లవారితే ఆకు కొసన ఒక నీటిబొట్టు వేలాడుతూ కనిపిస్తుంది. అది రోగం కాదు, వేళ్ళు తాగిన నీటిలో మిగిలినది మొక్క ఆకు కొసల నుంచి బయటికి పంపుతుంది. రోజూ అదే చోట బొట్టు ఆరితే తెల్లభాగం మీద గోధుమరంగు చుక్క పడుతుంది. చూసిన వెంటనే మెత్తటి గుడ్డతో అద్దేయండి.

సంక్రాంతికి వారం రోజులు ఊరెళ్తుంటే, వెళ్ళే ముందు రెట్టింపు నీళ్ళు పోసి వెళ్ళకండి. మామూలుగా పోసి, మొక్కని కిటికీకి రెండు అడుగులు లోపలికి జరిపితే చాలు.

6. గాలిలో తేమ

60 శాతం తేమ ఉంటే కొత్త ఆకు చిరగకుండా, ముడతలు లేకుండా విప్పుకుంటుంది. హైదరాబాద్‌లో వానాకాలం అంతా ఇబ్బంది లేదు. ఏప్రిల్ మధ్యాహ్నాల్లో మాత్రం 30 శాతం కంటే కిందికి పడిపోతుంది. అప్పుడు చుట్టిన ఆకు మధ్యలోనే ఇరుక్కుంటుంది. వేళ్ళతో విప్పబోతే చిరుగుతుంది. రెండు పూటలా ఆ చుట్ట మీద తడిగుడ్డ కాసేపు ఆనించి ఉంచండి, దానంతట అదే జారుతుంది.

నీళ్ళు స్ప్రే చేస్తే ఆ తేమ కొద్ది నిమిషాలే ఉంటుంది, బోరు నీళ్ళయితే తెల్లటి మరకలు కూడా మిగులుతాయి. మొక్కలన్నీ ఒకచోట దగ్గరగా పెట్టడం, చిన్న హ్యూమిడిఫయర్ పెట్టడం మేలు. ఎయిర్ కూలర్ ఉన్న గది ఈ మొక్కకి వేసవిలో స్వర్గం, కాకపోతే గాలి నేరుగా తగలకూడదు. విశాఖ, కాకినాడ లాంటి చోట్ల తేమకి కొదవ లేదు. అక్కడ గాలి ఆడకపోవడం వల్ల బూజు మచ్చలు వస్తాయి, గదిలో ఫ్యాన్ చిన్నగా తిరుగుతూ ఉండాలి.

7. ఎరువు, కర్ర

ఎరువుల దుకాణంలో దొరికే 19-19-19 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉన్న) పొడి లీటరు నీళ్ళకి అర గ్రాము చొప్పున, జూన్ నుంచి అక్టోబరు దాకా ఇరవై రోజులకి ఒకసారి ఇస్తే చాలు. చలికాలంలో ఆపేయండి. ఎండిన మట్టిలో ఎరువు నీళ్ళు ఎప్పుడూ పోయకండి, ముందు మామూలు నీళ్ళతో తడపండి.

కాండానికి కొబ్బరిపీచు కర్ర కట్టండి. ఊడలు పీచుని పట్టుకున్నాక ఆకులు పెద్దవవుతాయి, చీలికలు పెరుగుతాయి. కర్రని తడిగా ఉంచాలి, లేకపోతే ఊడలు పట్టుకోవు. కాడలు ముందువైపుకి, ఊడలు వెనకవైపుకి వస్తాయి. కర్ర వెనకవైపు ఉండాలి, కట్టేది కాండానికే, కాడలకి కాదు.

8. మచ్చలు, పురుగులు, కుళ్ళు

తెల్లభాగం మీద గోధుమరంగు వస్తే ముందు ఎక్కడ వచ్చిందో చూడండి. కిటికీవైపు ఉన్న ఆకు మధ్యలో పెళుసుగా వస్తే ఎండ. అంచుల వెంబడి సన్నగా వస్తే ఉప్పులు, లేదా గాలి పొడిగా ఉండడం. మెత్తగా, చుట్టూ పసుపు అంచుతో వ్యాపిస్తుంటే వేళ్ళ దగ్గర తడి ఎక్కువైంది. అడుగున ఉన్న పాత ఆకు ఒక్కటే మారుతుంటే కంగారు పడనక్కర్లేదు, దాని వయసు అయిపోయింది. మారిన రంగు మళ్ళీ తెల్లబడదు. ఎండిన భాగం చివర సన్నని గోధుమ అంచు వదిలి కత్తిరించండి. తెల్లభాగంలోకి కోస్తే అక్కడ మళ్ళీ ఎండుతుంది.

పురుగులు కనబడితే ముందు బాత్‌రూమ్‌లో షవర్ కింద ఆకుల అడుగు భాగాలు కడగండి. తర్వాత లీటరు నీళ్ళకి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొన్ని చుక్కల లిక్విడ్ సోప్ కలిపి, ఎండ తగ్గాక కొట్టండి. వారానికి ఒకసారి చొప్పున నాలుగు వారాలు వదలకుండా చేయాలి. ఒకసారి కొట్టి ఊరుకుంటే గుడ్ల నుంచి కొత్తవి వస్తాయి. మొదట ఒక ఆకు మూల మీద కొట్టి, రెండు రోజులు చూసి మిగతా మొక్కకి వాడండి. ఆకులు మెరవాలని కొబ్బరినూనె, పాలు రాయవద్దు, తడిగుడ్డ చాలు.

వేళ్ళు కుళ్ళితే కుండీ నుంచి తీసి కడిగి, నల్లగా మెత్తగా ఉన్నవన్నీ కోసేయండి. కార్బెండజిమ్, మ్యాంకోజెబ్ అనే బూజుమందులు కలిసిన పొడి లీటరుకి 2 గ్రాములు కలిపిన నీళ్ళలో పావుగంట ముంచి, కొత్త మిశ్రమంలో చిన్న కుండీలో పెట్టండి. చేతులకి గ్లౌజులు వేసుకోండి.

9. కత్తెర పట్టాల్సిన రోజు

నేను మొదట్లో చేయలేకపోయిన పని ఇదే. వరసగా రెండు ఆకులు పూర్తి తెల్లగా వస్తే, ఆ తెల్ల ఆకులకి కిందికి దిగి, కాండం మీద రెండు రంగుల చారలున్న కణుపు వెతికి, దానికి పైన కోయాలి. వరసగా రెండు ఆకులు పూర్తి పచ్చగా వచ్చినా ఇదే పద్ధతి. పచ్చకొమ్మ వేగంగా పెరిగి మచ్చల భాగాన్ని దాటిపోతుంది. అంత అందమైన తెల్ల ఆకుని కోయడానికి ప్రాణం ఒప్పదు, ఆ సంగతి నాకు తెలుసు. ఆ మూడు తెల్ల ఆకులూ నా మొక్కని ఎంత నీరసపరిచాయంటే, తర్వాతి ఆకు రావడానికి ఐదు నెలలు పట్టింది.

కోయడానికి వానాకాలం మొదలు మంచిది. కత్తిని స్పిరిట్‌తో తుడవండి. కోసిన ముక్కని కొత్త మొక్కగా నాటుకోవాలంటే దానికి ఒక కణుపు, ఒక కన్ను, వీలైతే ఒక ఊడ, కనీసం కొంత పచ్చ ఉన్న ఒక ఆకు ఉండాలి. ముక్కలో ఉండే కణుపుకి అర అంగుళం కింద ఒక్క కోతతో కోయండి. కోసిన చోటు నీడలో నాలుగైదు గంటలు ఆరనివ్వండి. తర్వాత తడిపి గట్టిగా పిండిన స్పాగ్నమ్ మాస్‌లో (ఎండబెట్టిన ఒక రకం నాచు) ఊడని, కణుపుని ఉంచండి. కన్ను మాత్రం పైకి కనబడుతూ ఉండాలి, పూడిస్తే కుళ్ళుతుంది. పైన పారదర్శకమైన డబ్బా బోర్లించి, రోజుకి ఒకసారి గాలి కోసం తెరవండి.

మూడు నుంచి ఆరు వారాల్లో తెల్లటి వేళ్ళు వస్తాయి. వచ్చిన వెంటనే మట్టిలోకి మార్చకండి. వేరు రెండు అంగుళాలు పెరిగి, దాని నుంచి సన్నని పక్కవేళ్ళు వచ్చేదాకా ఆగండి. మార్చాక రెండు నెలలు ఎరువు వేయకుండా తూర్పు కిటికీ దగ్గరే ఉంచండి. కన్ను ఉబ్బి, మొనదేలిన చిగురు పొడుచుకొస్తుంది. దాని తొడుగు మీద తెల్లచార, పచ్చచార రెండూ కనిపిస్తే, రాబోయే ఆకు రెండు రంగుల్లో వస్తుందని మీకు ముందే తెలిసిపోతుంది.